మ్యాప్ చూపించిన సందు

"పాపా, వీళ్లు నీ కోసమే వచ్చినారు."

గుమ్మంలో ఎవరో పెద్దాయన. తెల్ల లుంగీ, భుజాన తువ్వాలు. వెనక ఒక జంట.

"మ్యాప్ మమ్మల్ని వెనక సందులోకి తీసుకెళ్లిందండీ. ఈయనే దారి చూపించారు," అంది ఆ అమ్మాయి.

వర్షిణి వాళ్లను కూర్చోబెట్టింది.

బెంగళూరు పక్క సర్జాపురలో ఆమె రియల్ ఎస్టేట్ ఆఫీసు తెరిచి ఎంతో కాలం కాలేదు. చిన్న గది, ఒక్క బల్ల. అయినా బెరుకు లేదు. పెద్ద కంపెనీల హోర్డింగుల మధ్య తన బోర్డు ఎవరి కంటికీ ఆనదని తెలుసు. అందుకే ఫోన్‌ను నమ్ముకుంది. 'దగ్గర్లో సైట్లు' అని ఎవరు వెతికినా తన ఆఫీసు పేరే ముందు రావాలి. వచ్చి తీరుతుంది.

పెద్దాయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

మనిషిని తెచ్చి వాటా అడిగేవాళ్లు ఆ రోడ్డులో కొత్త కాదు.

"కమీషన్ ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు అంకుల్," ముందే చెప్పేసింది.

ఆయన నవ్వాడు.

"నాకేమొద్దు పాపా. మ్యాప్‌లో నీ గుర్తు మా సందులో ఉండాది. సరిచేయించుకో. జనం ఊరికే తిరుక్కుంటా ఉండారు."

ఆ తర్వాత కూడా ఇంకొందరిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె కూర్చోమనలేదు. పేరైనా అడగలేదు.

పని మీద పడింది. గుర్తును సరైన చోటికి మార్పించింది. తాను అమ్మే ప్రతి సైటుకూ స్వయంగా వెళ్లి ఫొటోలు తీసి పెట్టింది. అడిగినవాళ్లకు అదే రోజు జవాబిచ్చింది. కొన్నవాళ్లను మ్యాప్‌లో తన ఆఫీసు గురించి ఉన్నదున్నట్టు రివ్యూ రాయమంది.

అనుకున్నట్టే అయింది. వెతికితే మొదట ఆమె పేరే. ఆఫీసులో రెండో బల్ల పడింది.

పెద్దాయన రావడం మానేశాడు. ఆమె గమనించనే లేదు.

ఒకరోజు ఆ జంట మిఠాయి పెట్టెతో వచ్చారు. సైటు రిజిస్ట్రేషన్ అయిపోయింది.

"ఆ రోజు విసుగొచ్చి వెనక్కి వెళ్లిపోదామనుకున్నాం మేడమ్. ఆ పెద్దాయనే ఆపారు. 'ఆ పాప అన్నీ చూసుకోకుండా అమ్మదు, ధైర్యంగా పోండి' అన్నారు."

వర్షిణి మిఠాయి నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

తన గురించి అంత గట్టిగా ఆయనెలా చెప్పగలిగాడు?

వాళ్లు వెళ్లగానే వెనక సందుకు నడిచింది. సందు చివర ఒక షటర్ సగం ఎత్తి ఉంది. లోపల గోడలకు రంగు వేస్తున్నారు. బేకరీ వస్తోందట. బయట ఆ బిల్డింగ్ ఓనరు కెంపమ్మ నిలబడి ఉంది.

"తెల్ల లుంగీతో ఒక పెద్దాయన ఉండేవారు..."

"పిల్లప్పనా? అంగడి ఖాళీ చేసి ఆనేకల్ పక్క కూతురింటికి పోయినాడమ్మా."

"ఏం అంగడండీ ఆయనది?"

కెంపమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"ముందు వీధి ఆఫీసు పాపవు గదా నువ్వు? నీ మాదిరే సైట్లు అమ్మించే ఆఫీసమ్మా ఆయనది... గిరాకీలు రాక మూసేసినాడు."