అక్క ల్యాబులోని ఆకు

ఆ రోజు ఇంట్లో నాన్న, అక్క, నేను ముగ్గురమే ఉన్నాం. కుర్చీలో కూర్చున్న నాన్న చెమటతో తడిసి ముద్దయ్యాడు. చేతులు వణుకుతున్నాయి.

"ఏం తీసుకున్నావు నాన్నా?" అక్క అడిగింది.

"షుగరు మాత్ర. దానిమీద నీ ఆకు కషాయం. చిన్నది కాచి ఇచ్చింది."

ఆ ఆకు సారంతో షుగరు తగ్గుతుందేమోనని అక్క ల్యాబులో ఎలుకల మీద పరీక్షిస్తోంది. మా పెరట్లోనూ ఆ మొక్క ఉంది.

"ఆకే కదక్కా. పనిచేయకపోతే పోయేదేముంది అనుకున్నాం," అన్నాను.

"పనిచేస్తేనే భయం. మాత్రా, ఆకూ కలిసి లాగేస్తే ఒంట్లో షుగరేం మిగులుతుంది? పంచదార నీళ్లు తే, పరిగెత్తు."

గ్లాసులో గబగబా కలిపి తెచ్చాను. అక్క గుక్కగుక్కగా తాగించింది. చాలాసేపటికి వణుకు తగ్గింది.

నాన్న నవ్వబోయాడు. "పోనీలే, నీ ఆకు గట్టిదేనని తేలిందిగా. ఎలుకలకంటే నేనే నయం."

"ఎలుకకైతే కొలిచి ఇస్తాను నాన్నా," అంది అక్క. మొహం పక్కకి తిప్పుకుంది.

అక్క ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికి వెళ్లబోతే, అప్పుడూ చూడనివ్వకుండా నన్ను మెల్లగా గది బయటికి నెట్టి, తలుపు వేసేసింది.