హారను బాగుంది

బస్సు డ్రైవరు డ్యూటీకి వెళ్లేముందు, బండిని చూసుకున్నట్టే రోజూ కూతురినీ తనిఖీ చేస్తాడు. ఇవాళా ఎదుట గొంతుక్కూర్చున్నాడు.

"లైట్లు?"

పిల్ల పళ్లన్నీ ఇకిలించింది.

"సైడు అద్దాలు?"

రెండు చేతులూ ఎత్తాలి. ఆ తర్వాత హారను, అంటే గట్టిగా ఓ కేక. కానీ ఇవాళ అల్లరి పుట్టి, ఎడమ చెయ్యి వేలాడేసి కుడిదొక్కటే ఎత్తింది.

బస్సు తాళాలు కింద పడ్డాయి. పిల్లను భుజాన వేసుకుని, చెప్పులైనా వేసుకోకుండా వీధి మలుపు దాకా పరుగెత్తాడు.

"దించు నాన్నా! ఉత్తుత్తినే చేశా! అందరూ చూస్తున్నారు!" చెవికి చిల్లులు పడేలా అరిచింది.

గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "హారను బాగుంది," అన్నాడు రొప్పుతూ.

"నువ్వే బాగాలేవు. ఆటకే ఇంత కంగారా?"

"ఆట కాదే. నీలా సికిల్ సెల్ రక్తం జబ్బున్న పిల్లలకి పక్షవాతం రావచ్చంది డాక్టరమ్మ. మూతి, చేతులు, మాట కనిపెట్టుకుని ఉండి, ఏ తేడా వచ్చినా వెంటనే ఆసుపత్రికి తెమ్మంది."

 పిల్ల రెండు చేతులూ ఎత్తి అతని మెడ చుట్టూ వేసింది.

"అద్దాలు రెండూ ఉన్నాయి. ఇక బండి తియ్యి డ్రైవరూ, పాసింజర్లు తిడతారు."