లోపలి లెక్క

ఎన్నిక ఫలితం చూసి హోప్ టౌన్ జెట్టీ అంతా నోరెళ్లబెట్టింది. కంప్యూటర్ తెర మీద లక్ష్ముడికి సున్నా. అప్పయ్యకూ సున్నా.

అప్పయ్య గుండె కుదుటపడింది. మత్స్యకారుల సంఘానికి ఏళ్ల తరబడి అతనే ప్రెసిడెంటు. సంఘం ఐసు దిమ్మలన్నీ సొంత పడవకే మళ్లించుకున్నాడని ఊరంతా అతని మీద పళ్లు నూరుతోంది. ఈసారి పెళ్లాం బుల్లమ్మ తప్ప ఓటేసే దిక్కు లేదని అతనికీ తెలుసు. కుర్చీ పోతే ఐసూ పోతుంది.

"ఇదేటిరా జోగులూ, పొద్దున్నించి నొక్కిన ఓట్లన్నీ సముద్రంలో కలిసిపోనాయా?" అతని మీద పోటీకి దిగిన లక్ష్ముడు ఎగిరాడు.

ప్రోగ్రాం రాసిన జోగులు చెమట తుడుచుకున్నాడు. "లెక్క బయటి ఫంక్షన్‌లో ఉంది మావా. ఓటు పడ్డప్పుడల్లా దాన్ని లోపలి ఫంక్షన్ పెంచాలి. అదేమో అదే పేరుతో సొంత లెక్క పెట్టుకుంది. నీ పడవలో చేపలు నువ్వు లెక్కపెట్టుకున్నావు, జెట్టీ మీద బుట్ట ఖాళీగానే ఉండిపోయింది. అంతే! ఈ లెక్క బయటిదేనని చెప్పడానికి నాన్‌లోకల్ అని ఒక్క మాట రాస్తే సరి."

ఎన్నిక జరిపిస్తున్న భూషణం మాస్టారు తలాడించారు. "నిజమే. ఎంత ఓడినా అప్పయ్య ఓటు అప్పయ్యకైనా పడాలిగా! అదీ లేదంటే మిషన్‌దే తప్పు. మళ్లీ వెయ్యండి."

అప్పయ్య ముఖం వాడిపోయింది.

జోగులు ఆ మాట చేర్చాడు. జనం మళ్లీ వరస కట్టారు. అప్పయ్య బుల్లమ్మ భుజం తట్టి పంపాడు. తర్వాత తనూ చాటుకు వెళ్లి, గంగమ్మకు దండం పెట్టి, బొత్తాం నొక్కి వచ్చాడు.

ఈసారి లక్ష్ముడి ఓట్లు పొర్లిపోయాయి. అప్పయ్యకు మళ్లీ సున్నా.

"అరే భయ్యా, యే క్యా హై!" అప్పయ్య గుండెలు బాదుకున్నాడు. "నా ఓటేదిరా? మా ఆడదాని ఓటేది? లక్ష్ముడి లెక్కకి ఆ మాట రాసి నా లెక్కకి ఎగ్గొట్టినావు గదరా!"

"రెండిటికీ రాశాను మావా! కావాలంటే చదువుకో!"

అది చదవగలిగినవాడు అక్కడ జోగులు ఒక్కడే.

మాస్టారు చేతులెత్తేశారు. "మనిషి సొంత ఓటే తేలని మిషన్‌ని ఎలా నమ్మేది? ఎన్నిక రద్దు. ఇంకో దారి దొరికేదాకా అప్పయ్యే ప్రెసిడెంటు."

లక్ష్ముడు లబోదిబోమంటూ జోగులు వెంటపడ్డాడు. అప్పయ్య మాత్రం కండువా దులుపుకుని ఇంటిదారి పట్టాడు.

"మనిద్దరి ఓట్లూ ఈసారి ఆడికే గుద్దినాం గదేటి," అంది వెనకే నడుస్తున్న బుల్లమ్మ, "ఆ లక్ష్ముడికి ఇంకా ఏడుపెందుకంట?"