కారే కన్ను

“నాకు కొత్త కన్ను వద్దమ్మా. ఆ పాతదాన్నే అతికిచ్చి ఇయ్యండి” అన్నాడు నిత్యానందం.

డాక్టర్ హరితకు ఒళ్ళు మండింది. మార్కాపురంలో కంటి ఆసుపత్రి పెట్టుకున్నాక మొండి రోగుల్ని చాలామందినే చూసింది గానీ, ఉచితంగా ఇస్తానన్న కన్నును వద్దనే మనిషిని చూడడం ఇదే మొదలు.

అతని ప్లాస్టిక్ కన్ను ఆమె అరచేతిలో ఉంది. పలకల ఫ్యాక్టరీలో రాతి పెచ్చు ఎగిరి కుడికన్ను పోతే, ఆమే కొలతలు తీసి, తన త్రీడీ మిషన్లో ప్రింటు చేసి పెట్టిన డొప్ప అది. పెట్టిన రోజున ఎడమకంటికీ దానికీ తేడా తెలిసేది కాదు. ఇప్పుడు చూడబోతే పైన తెల్లగా పొర కట్టి, అంచు చీలి ఉంది.

“అతికించడానికి ఇదేమన్నా తెగిన చెప్పా పెద్దాయనా? ఈ అంచు లోపల కోసిందంటే చీము పడుతుంది. ఆ తర్వాత ఏ కన్నూ పెట్టలేం. ముఖాన గుంట అట్లాగే ఉండిపోతుంది.”

“అట్ల గడ్డి పెట్టు తల్లీ” అంది పక్కనున్న అతని భార్య సువార్తమ్మ. “పెద్దారవీడు నుంచి ఆటోలో నేను ఈడ్చుకొస్తే వచ్చినాడు. లేకుంటే గడప దాటేవాడా?”

హరిత బల్ల సొరుగులోంచి ఒక సన్నటి ప్లాస్టిక్ పట్టీ, కిటికీలో ఉన్న సీసాలోంచి ఇంకో పట్టీ తీసింది. రెండూ ఆ కంటి ప్లాస్టిక్‌తో ప్రింటు చేసినవే. ఒకటి పొడిగా దాచింది. రెండోదాన్ని కన్నీళ్ళలాంటి ఉప్పునీళ్ళలో చాన్నాళ్ళుగా నానబెట్టింది. ఇలాంటి పరీక్షలంటే ఆమెకు పిచ్చి. ఇంట్లోవాళ్ళు ఊరగాయ జాడీల కోసం వెతుక్కుంటే అవి ఆసుపత్రిలో దొరుకుతుంటాయి.

“విరిచి చూడండి.”

పొడి పట్టీ వంగింది గానీ విరగలేదు. నానింది మాత్రం నిత్యానందం వేళ్ళ మధ్య టప్పుమని రెండయింది. అతను ఆ ముక్కల్ని బల్ల మీద పెట్టాడు.

“ప్లాస్టిక్కే గదా, దాన్ని నీళ్ళేం చేస్తాయిలే అనుకుంటాం. ఉమ్మి గానీ, చెమట గానీ, కన్నీళ్ళు గానీ, ప్రింటు చేసినదాని పొరల్లోకి మెల్లగా దిగి సత్తువ లాగేస్తాయి. అయినా మామూలుగా కంట్లో ఉండే తడికి ఇది ఇంత తొందరగా చెడిపోకూడదు. మీ కన్ను బాగా కారుతోందా?”

“కారడమా!” సువార్తమ్మే అందుకుంది. “అన్నం తింటాంటే కారుతుంది. చర్చిలో పాట పాడతాంటే కారుతుంది. పండుకుంటే దిండు తడుస్తుంది. తోడుపెళ్ళికూతురు మాదిరి దానెంబడి రెండో కన్ను గూడ! పాపం, ప్లాస్టిక్ కన్ను గదాని నేనే కొంగుతో తుడుస్తా ఉంటాను. ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది, ఎవురూ పట్టించుకోరు.”

హరితకు సంగతి అర్థమైంది. అర్థమైతే ఆమె గొంతు హుషారుగా మారుతుంది. “అదన్నమాట! పైన గరుకెక్కి లోపల ఒరుసుకుంటోంది, అందుకు కారుతోంది. కారేకొద్దీ ఇంకా చెడుతోంది. ఈసారి ప్రింటుది వద్దు. చేత్తో పోతపోసి, నున్నగా మెరుగు పట్టిన గట్టిది చేయిస్తాను. ఒక్క చుక్క కారితే నన్నడగండి!”

“నీ కడుపు చల్లగుండ తల్లీ” అంది సువార్తమ్మ.

నిత్యానందం ముఖం మాత్రం వాడిపోయింది. “వద్దమ్మా. ప్రింటుదే ఇంకోటి ఇయ్యండి. అదీ కాదంటే ఇదే ఇయ్యండి.”

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో ఏం వాదిస్తాం? అయినా హరిత ఊరుకోలేదు. “సూది పొడవను, కత్తి ముట్టను. మైనంతో కొలత తీస్తానంతే. భయమా పెద్దాయనా?”

“భయమా? ఈయనకా?” సువార్తమ్మ గొంతులో గర్వమూ ఉంది, నిష్ఠూరమూ ఉంది. “మా సంఘపెద్ద తల్లీ ఈయన. ఈ కన్ను పెట్టించుకున్న కొత్తల్లోనే మా హెలెన్ జరమొచ్చి పోయింది. కన్నబిడ్డ పెట్టెను గుంతలోకి దించుతాంటే నేను మట్టిలో పొర్లి ఏడ్చినాను. ఈయన మాత్రం నిటారుగా నిలబడి, ‘బిడ్డ ప్రభువు కాడికి పోయింది, ఏడిస్తే మనకు విశ్వాసం లేనట్టే, ఎవురూ ఏడవొద్దు’ అని వాక్యం చెప్పినాడు. ఊరంతా ముక్కున వేలేసుకునింది. ఇప్పుడు ఎవురింట్లో చావైనా ధైర్యం చెప్పను ఈయన్నే పిలుస్తారు. ఇట్లాంటి మనిషికి మైనం ముద్దంటే భయమా?”

నిత్యానందం తల దించుకున్నాడు. “సువార్తా, గొంతెండుకపోతాంది. బయట నీళ్ళుంటే పట్టుకరా పో.”

“ఇప్పుడే దాహమేసిందా నీకు!” సణుక్కుంటూ ఆమె బయటికి నడిచింది.

హరిత ఓపిక అయిపోయింది. కుర్చీ ముందుకు లాక్కుంది. “ఖర్చు లేదన్నాను. నొప్పి లేదన్నాను. ఉన్నది పెట్టుకుంటే చీము పడుతుందనీ చెప్పాను. మంచిది ఇస్తానంటే చెడ్డదే కావాలంటారు. ఇదేం చోద్యం పెద్దాయనా? మీ మనసులో ఏముందో అది చెప్పండి. చెబితేనే గదా నాకు తెలిసేది!”

నిత్యానందం తలుపు వైపు చూశాడు. సువార్తమ్మ ఇంకా రాలేదు. భుజం మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

“కొత్తది కారదంటిరి గదమ్మా. మరి నా బిడ్డ కోసం ఇంక నేను దేని మీద నెపం పెట్టి ఏడ్చేది?”