గీకుడాకు

ఒక్క గెంతులో ఏడు తాటిచెట్లు దాటే ఉడత బుల్లోడు, పందికొక్కు మామ కొట్టును మాత్రం దాటలేకపోయాడు. మామ ఒక మోదుగాకు చేతిలో పెట్టాడు.

"దీనిమీద గీకు అల్లుడూ, నచ్చింది పట్టుకుపో. పున్నమికొక్క పల్లీ కడితే చాలు."

బుల్లోడు జీడిపప్పుకి గీకాడు, ఊయలకి గీకాడు, చందమామ అమ్మకానికుంటే దానికీ గీకేవాడే! పున్నమికో పల్లీ కడుతున్నా, ఆకుమీద గీతలు పిల్లల్ని పెడుతూనే ఉన్నాయి. తొలకరికి మామ వచ్చి తొర్ర ముందు కూర్చున్నాడు.

"బాకీ మొత్తం కట్టు, లేదా తొర్ర ఖాళీ చెయ్యి."

బుల్లోడి తోక వాలిపోయింది. పెళ్లాం చిట్టి దాన్ని నిమిరింది. "ఏడు తాటిచెట్లు దూకే మొగుడివి, పల్లీలేరడం నీకో లెక్కా?"

అంతే! నూరు చేలు జల్లెడపట్టి బాకీ తీర్చేశాడు.

మామ ఇంకా పెద్దాకు చాపాడు.

"గీకడం మానేశాను మామా. ఇక వీపు దురదపెడితే గోక్కోవడమే!"