ఎర్ర ముక్కలు అయిపోయాయి

"ఎర్ర ముక్కలు అయిపోయాయి," అంది నర్సమ్మ, కుట్టుమిషను ఆపేసి.

వంటింట్లో కూరగాయలు తరుగుతున్న కోడలి చెయ్యి ఆగిపోయింది. వరండాలో కునుకు తీస్తున్న నర్సమ్మ మొగుడికి ఠక్కున మెలకువ వచ్చేసింది. ఆయన బస్సు డ్రైవరు. స్టీరింగు వదిలి చాన్నాళ్ళయింది గానీ, ప్రమాదాన్ని మాత్రం ఇప్పటికీ ముందే పసిగడతాడు.

మిషను ఆగితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నర్సు ఉద్యోగం నుంచి నర్సమ్మ రిటైరైన కొత్తలో ఇల్లు కాస్తా ఆస్పత్రి వార్డైపోయింది. తెల్లారకముందే అందరి నోళ్ళలో థర్మామీటర్లు, దుప్పటి మడత సరిగ్గా లేదని చీవాట్లు, మొగుడి కాఫీలో చక్కెర బంద్. చివరికి డాక్టరే, అమ్మా, మీరు కాస్త స్థిమితపడండి, చేతులకేదైనా పని పెట్టుకోండి అని బతిమాలాడు. అప్పట్నుంచి ఆవిడ రంగురంగుల పీలికల్ని నలుచదరంగా కుట్టి, ఒక్కో గడీ బొంతకి కలుపుతోంది. మిషను టకటకలాడినంతసేపూ ఇల్లు స్వర్గం.

"నీలంతో కానివ్వచ్చుగా?" అన్నాడు డ్రైవరు, గుమ్మంలోంచి తల మాత్రం లోపలికి పెట్టి.

"బొంత మీద ఈ నక్షత్రం మధ్యలో ఎర్రదే పడాలి. లేకపోతే ఇక్కడితో కట్టిపెట్టేస్తా." ఆవిడ నడుము వెనక దిండు సర్దుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏవండీ, మీ కళ్ళకింద ఆ ఉబ్బేమిటి?"

డ్రైవరు ఒక్క అంగలో వంటింట్లో పడ్డాడు.

మామాకోడళ్ళు కలిసి ఇల్లంతా గాలించారు. ఎర్ర తువ్వాలు తెస్తే నర్సమ్మ వేళ్ళతో నలిపి చూసి, మందం, పనికిరాదు పొమ్మంది. ఎర్ర సంచి తెస్తే రంగు దిగుతుందంది. దుకాణానికి పరిగెడదామంటే ఇవాళ సెలవు. కోడలు గొంతు తగ్గించి, "మామయ్యా, మరి మీ చొక్కా..." అని నసిగింది.

"అది తప్ప."

ఆ చొక్కా ఆయన ప్రాణం. కాలరు పీచు పీచైపోయింది. మోచేతుల దగ్గర హాయిగా గాలాడుతుంది. దానికి జోడీగా మోకాళ్ళు జారిపోయిన నీలం ప్యాంటొకటి. పారేయండి బాబూ అని పెళ్ళాం ఎంత మొత్తుకున్నా వినలేదు. ఎర్ర చొక్కా తొడుక్కుని టీవీ ముందు కూర్చుంటేనే తన జట్టు గెలుస్తుందని ఆయన నమ్మకం. ఈ సాయంత్రం ఫైనల్.

అంతలో గదిలో సొరుగు లాగిన చప్పుడైంది. బీపీ చూసేది ఎక్కడ తగలేశారని కేక వినిపించింది.

మామాకోడళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. డ్రైవరు బీరువా తెరిచి, చొక్కాని ఒకసారి గుండెలకి హత్తుకుని, తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కత్తెర కరకరమంది.

మళ్ళీ టకటక మొదలైంది. కోడలు గెంతినంత పని చేసింది. డ్రైవరుకైతే దిగులు సగం అక్కడే తీరిపోయింది. కాఫీలో దండిగా చక్కెర వేసుకుని, ఈల వేసుకుంటూ, కప్పు పట్టుకుని ఆవిడ ఎదురుగానే నిలబడ్డాడు. ఆవిడ కన్నెత్తి చూస్తే ఒట్టు. నక్షత్రం నడిమధ్యన ఆయన చొక్కా భగభగలాడుతోంది. కొత్తలో కూడా అది అంత అందంగా లేదు.

"బాగుందోయ్," అన్నాడు మనస్ఫూర్తిగా. చొక్కా లేకపోతేనేం, బొంత కప్పుకుని ఆట చూస్తాను, అప్పుడూ గెలుస్తారు అనుకున్నాడు.

దారం కోసం ఆవిడ ముందుకు వంగింది. నడుము వెనక దిండు జారి కిందపడింది. తీసిద్దామని ఆయన గలీబు కొస పట్టుకుని ఎత్తాడు. మూతి ఊడి, బోలెడన్ని ఎర్ర పీలికలు ఆయన పాదాల మీద కుప్పగా పడ్డాయి.

గుమ్మంలో కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వుతోంది.

నర్సమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అంది:

"రేపు నీలం ముక్కలు అయిపోతాయి. ఆ ప్యాంటు కాస్త ఉతికి ఉంచండి."