గీతలున్న గోడ

మా కంపెనీ చేసే వీడియో గేమ్‌లో ఇళ్లు కూలిస్తే పాయింట్లు. ఆ ఇళ్లు కట్టేది నేను.

"మరీ అట్టపెట్టెల్లా ఉన్నాయి. లోపల మనుషులు బతికినట్టు కనబడాలి," అన్నాడు బాసు.

సరేనని మా వంటింటి గోడను ఫోటో తీసి ఒక ఇంట్లో దింపాను. మా అమ్మాయి ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు, పక్కన వయసు అంకెలు, అన్నీ ఉన్నదున్నట్టు.

ఆట పరీక్షించేవాళ్లు ఆ గోడ ముందుకొచ్చి ఆగిపోయారు. ఒకతనైతే తుపాకీ దించి పక్కింటికి వెళ్లిపోయాడు. నాకు కడుపు నిండినట్టయింది.

బాసూ చూశాడు. తీసేయమంటాడనుకున్నాను.

"భలే పట్టావమ్మా. దీన్ని కొట్టడానికి చేతులు రావట్లేదు వాళ్లకి. అందుకే దీనికి పదింతలు పాయింట్లు పెడదాం," అన్నాడు, పళ్ల సందుల్లో పుల్లతో గెలుక్కుంటూ.

ఆ తర్వాత ఒక్కరూ ఆగలేదు. మిగతా ఇళ్లన్నీ వదిలేసి ఆ గోడ మీదికే ఎగబడ్డారు. కూలుతుంటే కేరింతలు.

ఆట బయటికొచ్చిన ఆదివారం మా ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని ఆడుతున్నాడు.

"ఏమోయ్, ఆ గీతల గోడ ఏ వీధిలో పెట్టారు? కట్టింది నువ్వేగా, చెప్పొచ్చుగా."

చివరికి ఆయనే వెతికి పట్టుకుని, పేల్చేసి, "దొరికింది చూడు," అని తొడ చరుచుకున్నాడు.

ఏటా మా అమ్మాయిని వంటింటి గోడకు నిలబెట్టి, నెత్తిమీద స్కేలు ఆనించి, ఆ గీతలు గీసింది ఆయనే. అంకెలూ ఆయన చేతిరాతే.